మన పిల్లల ప్రశ్నల పుస్తకం
(సంఘం వార్షిక సభలో విద్యా ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని "విద్య – దాని ఆవశ్యకత" అనే అంశం మీద మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. ఆ అంశం మీద ప్రతి యేడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే వున్నారు, మనమూ తలలు ఊపుతూనే వున్నాం. విద్య అవసరం కాదని ఈ హాల్లో ఎవరైనా అంటే అప్పుడు మాట్లాడదాం. ఈసారికి అధ్యక్షులవారి అనుమతితో అంశం కాస్త మార్చుకుంటున్నాం. ఆవశ్యకత సంగతి పక్కన పెట్టి, కాలేజీలో చదువుతున్న మన పిల్లలు ఏమి అడుగుతున్నారో, దానికి పెద్దలం మనం ఏమి చెప్పగలుగుతున్నామో మనవి చేస్తాం.

మా ఉపసంఘంలో వున్నది నలుగురం. ఒకరు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవారు, ఒకరు బ్యాంకులో పని చేసినవారు, ఒకరు జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ఒకరికి మందుల షాపు. రెండేళ్ళుగా ఆదివారం సాయంత్రాలు అసర్ నమాజు తరువాత ఇదే హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నాం. ట్యూషన్ చెప్పడం మా వల్ల కాదు. అన్ని సబ్జెక్టులూ ఎవరికి వస్తాయి? అందుకని ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, "నీకు అర్థం కానిది ఏదైనా సరే ఇందులో రాయి" అన్నాం. వచ్చిన జవాబు అదే పేజీలో రాస్తాం. రానిది ఖాళీగా వదిలి, తెలిసినవారిని అడిగి తెస్తాం.

మొదటి రెండు నెలలూ ఆ పుస్తకంలో ఒక్కటే ప్రశ్న: "ఇది పరీక్షలో వస్తుందా?" మేము నవ్వుకున్నాం గాని, ఆలోచిస్తే తప్పు వాళ్ళది కాదు. చిన్నప్పటి నుంచి ప్రశ్న వేస్తే "ముందు నోట్స్ చూసుకో" అనిపించుకున్న పిల్లలు మరేం రాస్తారు? ఆ గడ్డ కట్టిన భయం కరగడానికి ఒక పక్షుల కబురు సాయపడింది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా పెద్ద పెద్ద పక్షులు వచ్చి చెట్ల మీద గూళ్ళు కడతాయి కదా. అవి సైబీరియా నుంచి వస్తాయని మనందరం చెప్పుకుంటాం. బైపీసీ చదివే ఒక గుంటడు రాశాడు: "గూడు కట్టి, పిల్లల్ని పెంచేది ఇక్కడ అయితే, సైబీరియా వాటి ఊరు ఎలా అవుతుంది?" మేము తెల్లబోయాం. పుస్తకాలు తిరగేస్తే వాడిదే రైటు. అక్కడ గూళ్ళు పెట్టే పెలికాన్, పెయింటెడ్ స్టార్క్ మన దక్షిణాసియా పక్షులే. ఆ రోజు నుంచి నోట్‌బుక్ నిండడం మొదలైంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం.

బీఎస్సీ చదివే ఒక అమ్మాయి వుంది. పేరు చెప్పం. వజ్రపుకొత్తూరు వైపు ఊరు. వాళ్ళ అబ్బాకు వారానికి రెండుసార్లు పలాసలో డయాలిసిస్. నాలుగేసి గంటలు సూది పెట్టుకుని పడుకోవాలి. ఆ అమ్మాయి రాసిన ప్రశ్న ఇది: "మా నూతి నీళ్ళు కొబ్బరినీళ్ళలా వుంటాయి. అబ్బాకు షుగర్ లేదు, బీపీ లేదు, ఏ చెడు అలవాటూ లేదు. మరి కిడ్నీలు ఎందుకు పోయాయి? నీళ్ళ వల్లేనా?"

ఉద్దానం అంటే ఉద్యానవనం అని పెద్దలు చెప్పే మాట. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఆ పేరుకు తగ్గట్టే వుండే నేల. ఆ నేల మీద ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బు తిష్ఠ వేసింది. 1990ల నుంచి డాక్టర్లు దీన్ని గుర్తిస్తూ వచ్చారు. మామూలుగా కిడ్నీలు పాడయ్యేది షుగరు వల్ల, రక్తపోటు వల్ల. ఇక్కడ రెండూ లేనివాళ్ళకు, అందునా ఎండలో కష్టపడేవాళ్ళకు, చాలా కాలం ఏ లక్షణమూ కనపడకుండా వస్తుంది. కిడ్నీలో వడపోసే గుత్తుల కంటే వాటి చుట్టూ వుండే సన్నని నాళాలు ముందు దెబ్బ తింటాయి. ఇటువంటిదే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీలకు వుంది. మన అమ్మాయికి ఈ సంగతి చెప్పినప్పుడు "అంటే మేమొక్కళ్ళమే కాదన్నమాట" అంది. ఆ మాట మాకు ఇంకా గుర్తుంది.

మరి కారణం? నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం అన్నారు, నొప్పుల బిళ్ళలు అన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఏ ఒక్కదాని మీదా శాస్త్రజ్ఞులు ముద్ర వేయలేదు. చాలామంది ఇప్పుడు అనుకునేది, ఇవి ఒకటికి మరొకటి తోడై పని చేస్తాయని.

"అయితే నీళ్ళు పరీక్ష చేయిస్తే తేలిపోదా?" అని ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. ఇక్కడే సైన్సు చదవడానికీ, సైన్సు పాఠం బట్టీ పెట్టడానికీ తేడా వస్తుంది. నూతిలో ఒక పదార్థం దొరికింది అనుకుందాం. దొరికినంత మాత్రాన అది దోషి కాదు. జబ్బు లేని ఊళ్ళో నూతిలో కూడా అదే పదార్థం అంతే వుంటే? ఒకే నూతి నీళ్ళు తాగిన అన్నదమ్ముల్లో పొలం పోయే అన్నకు వచ్చి, కొట్లో కూర్చునే తమ్ముడికి రాకపోతే? కాబట్టి జబ్బున్న ఊరు పక్కన జబ్బు లేని ఊరు పెట్టుకోవాలి, రోగి పక్కన ఆరోగ్యవంతుణ్ణి పెట్టుకోవాలి, వయస్సు, పని, తాగే నీరు, వాడిన మందులు అన్నీ రాసుకోవాలి. అప్పుడు కూడా "ఇది వున్నచోట అది వుంది" అనే చెప్పగలం. "దీని వల్లే అది" అనడానికి ఇంకా చాలా మెట్లు ఎక్కాలి. ఆ అమ్మాయికి స్టాటిస్టిక్స్ పేపరు అంటే ఏడుపు వచ్చేది. ఇప్పుడు దాన్ని పట్టుకుని కూర్చుంటోంది.

అలాగని కారణం తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చోవాలా అంటే, అదీ కాదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళన్నీ పటం మీద గుర్తులు పెట్టి, అవి బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక్క పంపు చుట్టూ మూగి వున్నాయని చూపించి, ఆ పంపు పిడి ఊడదీయించాడు. కలరా క్రిమి సంగతి కోఖ్ లోకానికి నమ్మకంగా చూపించింది మరో ముప్పై యేళ్ళకు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్ళకు తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. నీరే కారణమని రుజువై తెచ్చింది కాదు అది. అనుమానం వున్న నూతి కంటే వడపోసిన నదీ జలం మేలు అని తెచ్చింది. రెండిటికీ తేడా పిల్లలకు తెలియాలి. పైపు వచ్చింది గనుక ఇక జబ్బు రాదు అని ఊళ్ళో ఎవరైనా అంటే "చాచా, అలాగని ఇంకా తేలలేదు, రక్త పరీక్ష మానకండి" అని చెప్పగలగాలి.

రక్త పరీక్ష అన్నాం గనుక ఒక మాట. క్రియాటినిన్ అనేది కండరాల నుంచి రోజూ పుట్టే వ్యర్థం. కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. అవి నీరసపడితే రక్తంలో అంకె పెరుగుతుంది. కాని ఆ అంకె ఆలస్యంగా పెరుగుతుంది. కిడ్నీల శక్తి సగం దాకా పోయినా రిపోర్టు మామూలుగానే కనపడవచ్చు. అందుకే డాక్టర్లు అంకెను వయస్సుతో కలిపి లెక్క కడతారు. ఇక నొప్పుల బిళ్ళల సంగతి. రోజంతా తవ్వి వచ్చి, నడుం నొప్పికి రెండు బిళ్ళలు వేసుకుని పడుకోవడం మన వైపు మామూలు. చీటీ లేకుండా ఆ బిళ్ళలు అమ్మినవాళ్ళల్లో మేమూ వున్నాం. మాలో మందుల షాపు వున్నాయన ఆ ఆదివారం పిల్లల ముందే ఒప్పుకున్నాడు, ఇకపై ఇవ్వనన్నాడు. గిరాకీ తగ్గిందని వాళ్ళావిడ మా మీద కోపంగా వుంది. ఆమె తెర అవతలే వున్నారు, మన్నించాలి.

ఇంజనీరింగు సంగతి చెప్పే ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మన వీధి కుర్రాడొకడు పదో తరగతిలోనే నీళ్ళ మోటారు విప్పి బిగించేవాడు. మార్కులు ఫరవాలేదు. వాడికి పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో చేరి మెకానికల్ డిప్లొమా చెయ్యాలని వుంది. మేము పెద్దమనుషులం కూర్చుని, "డిప్లొమా ఏమిటిరా, మన బిరాదరీలో ఒక ఇంజనీరు వుండాలి" అని ఎంపీసీలో వేయించాం, తరువాత సంఘం నుంచి చందాలు పోగుచేసి బీటెక్ కంప్యూటర్లలో చేర్పించాం. మూడో యేడు వచ్చేసరికి తొమ్మిది పేపర్లు మిగిలిపోయాయి. ఇంట్లో చెప్పలేక, మాకు చెప్పలేక, ఒకరోజు చెన్నై రైలెక్కి వెళ్ళిపోయాడు. ఇప్పుడు అక్కడ ఒక షెడ్డులో పనిచేస్తున్నాడు. మనవాళ్ళు కొందరు "సంఘం డబ్బు బూడిదలో పోశాడు" అన్నారు. డబ్బు పోసింది మేము, ఎక్కడ పోయాలో వాణ్ణి అడగనిది మేము. డిప్లొమా మూడేళ్ళు చదివి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో యేడులో చేరవచ్చునన్న సంగతి మాలో ఒక్కరికైనా అప్పుడు తెలిసి వుంటే వాడు ఈ చాపల మీదే వుండేవాడు.

అందుచేత తల్లిదండ్రులకు ఇక్కడ కాస్త సమాచారం. పదో తరగతి తరువాత ఒక్క ఇంటరే దారి కాదు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ వుంది. పదో తరగతి మార్కుల మీద చేర్చుకుని ఆరేళ్ళు చదివించే ట్రిపుల్ ఐటీ మన జిల్లాలోనే ఎచ్చెర్ల వైపు 2016 నుంచి వుంది. ఇంజనీరింగు కళాశాల టెక్కలిలో 2001లోనే వచ్చింది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. మా కాలంలో డిగ్రీ దాటితే విశాఖపట్నం రైలెక్కవలసిందే. ఇప్పుడు పొద్దున్న బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. 2007 చట్టం ప్రకారం ముస్లింలలో పేర్కొన్న వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చింది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బిలో వుంటాయి. సర్టిఫికెట్టు సీటు వచ్చాక తీయించుకుందాం అనుకోవద్దు. చివరి రోజున తహసీల్దారు ఆఫీసు వరండాలో కన్నీళ్ళు పెట్టుకున్న తల్లుల్ని చూశాం గనుక చెబుతున్నాం.

ఇప్పుడు డిప్లొమా చదివే ఇంకో కుర్రాడి ప్రశ్న. వాళ్ళ అమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కలు కోసే పనికి వెళుతుంది. వాడు రాశాడు: "మరిగే నీళ్ళూ నూరు డిగ్రీలే, ఆవిరీ నూరు డిగ్రీలే. మరి ఫ్యాక్టరీలో పిక్కల్ని నీళ్ళలో ఉడకబెట్టకుండా ఆవిరి ఎందుకు పడతారు?" మా సూపర్‌వైజరు గారు పాతికేళ్ళుగా ఆ బాయిలరు పక్కనే తిరుగుతున్నారు. "అలాగే చేస్తారు, అంతే" అన్నారు. లెక్క వేసి చూశాం. ముప్పై డిగ్రీల నీళ్ళు ఒక కిలో మరిగించడానికి సుమారు 293 కిలోజౌళ్ళ వేడి చాలు. అదే మరిగే కిలో నీటిని ఆవిరి చెయ్యడానికి 2,257 కావాలి, ఏడు రెట్లకు పైగా. ఆ దాచుకున్న వేడినంతా ఆవిరి చల్లటి పిక్కకు తగలగానే వదిలి నీరవుతుంది. దాంతో గట్టి పెంకు మెత్తబడి తోలులా సాగుతుంది. కత్తెర పడ్డప్పుడు పెంకు చీలుతుంది, లోపలి పప్పు విరగదు. సూపర్‌వైజరు గారు ఆ రోజంతా మౌనంగా వున్నారు. మర్నాడు బాయిలరు పైపులకు చుట్టిన గుడ్డలు ఊడిపోయిన చోటల్లా మళ్ళీ కట్టించారట. ఆవిరి దారిలోనే నీరైపోతే కాల్చిన పొట్టు దండగే కదా.

ఆ కుర్రాడి తరువాతి ప్రశ్న ఇంకా బరువైనది: "అమ్మ చేతులు ఎందుకు నల్లబడి చర్మం లేస్తుంది?" పెంకు రెండు పొరల మధ్య వుండే జీడి నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ వుంటాయి. చర్మాన్ని కాల్చేవి అవే. ఆ నూనెనే బ్రేకుల లైనింగుకు, రంగులకు, రెజిన్లకు కొనుక్కుంటారు. వాడు గ్లవ్స్ కుట్టించి పట్టుకెళ్ళాడు. రెండు రోజులు వేసుకుని అమ్మ పక్కన పడేసింది. గ్లవ్స్‌తో పిక్క జారుతుంది, కోత తగ్గుతుంది, కిలోల లెక్కన ఇచ్చే కూలి తగ్గుతుంది. కాబట్టి జారని గ్లవ్స్ కావాలి, లేదా కూలి లెక్క మారాలి. మొదటిది మెకానికల్ ప్రశ్న, రెండోది అర్థశాస్త్రం ప్రశ్న. రెండూ నోట్‌బుక్కులో ఖాళీగానే వున్నాయి. ఫ్యాక్టరీ యజమానులు కొందరు ఈ సభలో వున్నారు, వారు కూడా ఒక ఆదివారం రావాలని మనవి.

కామర్సు పిల్లల సంగతి సరదాగా వుంటుంది. బీకాం కుర్రాడొకడు "జాయింట్ కాస్ట్, బై-ప్రోడక్ట్ అంటే అర్థం కావడం లేదు. పుస్తకంలో పెట్రోలు, కిరోసిన్ ఉదాహరణ వుంది. మన ఊళ్ళో రిఫైనరీ లేదు" అని రాశాడు. రిఫైనరీ లేకపోతే ఏం, జీడి ఫ్యాక్టరీ లేని వీధి పలాసలో ఎక్కడుంది? ఉదాహరణకు కొన్ని అంకెలు వేసుకుందాం. ఇవి నిజం ధరలు కావు, లెక్క కోసం అనుకున్నవి. 80 కిలోల పిక్కల బస్తా పది వేలు. కోత, ఎండబెట్టుడు, పొట్టు తీత, కరెంటు కలిపి రెండు వేలు. పెంకు అమ్మితే రెండు వందలు తిరిగి వస్తాయి. నికరం ఖర్చు 11,800. బస్తాకు 22 కిలోల పప్పు దిగింది. అందులో 14 కిలోలు గుండు, కిలో 700. 8 కిలోలు బద్ద, ముక్క, కిలో 500.

మన కుర్రాడు టకటకా 11,800ను 22తో భాగించాడు. కిలోకు 536 రూపాయలు. "చాచా, బద్ద 500కి అమ్మితే కిలోకి 36 నష్టం! బద్ద అమ్మడం ఆపెయ్యాలి." వాడొక్కడే కాదు, తలపండిన వ్యాపారులు కూడా కొందరు ఇలాగే లెక్క కడతారు. ఇప్పుడు చూడండి. గుండు రావాలంటే బద్ద రాక తప్పదు. బద్ద ఆపేస్తే బస్తా ఖర్చు ఒక్క పైసా తగ్గదు, వచ్చే నాలుగు వేలు మాత్రం పోతాయి. అందుకని బరువును బట్టి కాక, అమ్మకం విలువను బట్టి ఖర్చు పంచుతారు. గుండు 9,800, బద్ద 4,000, మొత్తం 13,800. ఆ నిష్పత్తిలో పంచితే గుండు కిలోకు దాదాపు 599, బద్ద కిలోకు దాదాపు 428 పడతాయి. రెండిటి మీదా లాభమే. బస్తాకు రెండు వేలు. ఖర్చును ఎలా పంచినా జేబులోకి వచ్చేది మారలేదు, మారింది మన నిర్ణయం.

అక్కడితో ఆగలేదు. బ్యాంకులో పనిచేసిన మా సభ్యుడు అడిగాడు: "పిక్కలు వేసవిలో కొంటావు, పప్పు దసరా దీపావళికి అమ్ముతావు. ఆ పది వేలు ఎవరివి?" నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున తెచ్చినవైతే ఆరు నెలలకు 1,200. రెండు వేల లాభంలో మిగిలేది ఎనిమిది వందలు. వడ్డీ మాట ఈ వేదిక మీద ఎందుకని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. ఇష్టం లేనిదాన్ని లెక్కలోంచి తీసేస్తే అది ఇంట్లోంచి పోదు. ఎంత పోతోందో కాగితం మీద కనపడితేనే, వడ్డీ లేకుండా నలుగురు కలిసి పెట్టుబడి పెట్టే దారి ఆలోచించబుద్ధి అవుతుంది. ఆ కుర్రాడి నాన్న ఒక చిన్న పప్పు బట్టీ నడుపుతాడు. ఆయన ఆ పేజీ చించి ఇమ్మని అడిగాడు. చించలేదు, నకలు రాసి ఇచ్చాం. పిక్కలు మన తోటల్లోవి చాలక ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వస్తున్న కాలం ఇది. అసలు ఆ చెట్టే బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు తెచ్చినది. డాలరు ధర మారితే కాశీబుగ్గలో కూలి మారుతుందన్న సంగతి బీకాం కుర్రాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

చివరగా ఆర్ట్స్. బీఏ చదివే పిల్లలు మా దగ్గరకు తల వంచుకుని వస్తారు. "ఏం చదువుతున్నావు" అంటే "ఉత్త బీఏ అండీ" అంటారు. ఆ "ఉత్త" అనే మాట వాళ్ళకు నేర్పింది మనమే.

ఒక చెల్లెలు రాసింది: "ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. విషయం తెలుసు, పేపరు మీద రాదు. నాకు తెలివి తక్కువా?" ఈ ప్రశ్నకు జవాబు మన పక్క ఊరి మనిషే ఇచ్చాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మేష్టరుగా పనిచేశారు. నౌపడా నుంచి చిన్న రైలు వెళ్ళేది, ఆ పర్లాకిమిడే. కొండల నుంచి సంతకు దిగే సవరల మాట ఆయన చెవిన పడింది. వాళ్ళ భాష మనకెందుకు తెలియదు అని ప్రశ్న వేసుకున్నారు. సవరలను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండలు తిరిగారు, జ్వరాలు తెచ్చుకున్నారు, ఆ జ్వరాలకు తిన్న క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. తరువాత తెలుగు పిల్లలు మాట్లాడేది ఒకటి, పుస్తకంలో రాసేది మరొకటి ఎందుకు కావాలి అనే వాదం మొదలైంది. ఆ వాదానికి నిప్పు రాజేసింది కూడా ఒక ప్రశ్నే. యేట్స్ అనే ఇంగ్లీషు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, తెలుగు నేర్చుకుంటూ, జనం మాటకూ పుస్తకం మాటకూ ఇంత దూరం ఏమిటని విశాఖపట్నంలో పండితులను అడిగాడు. గిడుగువారు 1940లో పోయేదాకా ఆ ప్రశ్నను వదలలేదు. ఈనాడు మేము మీ ముందు ఈ భాషలో మాట్లాడగలగడం ఆ పోరాటం పుణ్యమే. ఆ చెల్లెలికి చెప్పింది ఇదే: ముందు నీకు వచ్చిన మాటలో జవాబు రాసుకో, అర్థం చెదరకుండా ఇంగ్లీషులోకి దించు. ఆరు నెలలుగా అలాగే చేస్తోంది. సెమిస్టరులో ఒక పేపరు పోయింది, నాలుగు నిలిచాయి.

"మనవాళ్ళు ఈ జిల్లాకు ఎప్పుడొచ్చారు?" అని మరో ప్రశ్న. శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది, గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించినది. ఆ కాలం నుంచి చికాకోల్ సర్కారు అనే పేరు కాగితాల్లో నడిచింది. 1766లో నిజాము ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఒప్పగించాడు. ఇది రాజుల కథ. మన కథ మీ ఇళ్ళల్లో వుంది. పాత ట్రంకు పెట్టెల్లో తాతలనాటి ఫార్సీ, ఉర్దూ కాగితాలు కొందరి ఇళ్ళల్లో వున్నాయని మాకు తెలుసు. ఒక ఇంట్లో మొన్న చూశాం, సగం చెదలు తిన్నది. గిడుగువారు ముఖలింగం శాసనాల లిపిని ఎవరూ చెప్పకుండానే కూడబలుక్కుని చదివారు. మన "ఉత్త బీఏ" పిల్లలకు ఆ కాగితాలు ఇవ్వండి. ఫోటో తీసి తిరిగి ఇస్తారు. అలాగే మందస జమీందారీ మీద రైతులు తిరగబడ్డప్పుడు 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో నిండు గర్భంతో చనిపోయిన గున్నమ్మ గురించి పిల్లలు ఆ ఊరి ముసలమ్మల దగ్గర విని రాసుకొస్తామన్నారు. బస్సు ఛార్జీలు మాత్రం సంఘం ఇవ్వాలి. కోశాధికారిగారు ఇటే చూస్తున్నారు గనుక ఈ సంగతి ఇంతటితో చాలిస్తాం.

మళ్ళీ ఆ బీఎస్సీ అమ్మాయి దగ్గరకు వస్తాం. పోయిన నెలలో ఆమె నోట్‌బుక్కులో రాసిన ప్రశ్నకు మా నలుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆమె ఎమ్మెస్సీ చదవాలనుకుంటోంది. కిడ్నీ పరిశోధన వైపు వెళ్ళాలని కోరిక. లెక్చరర్లు కూడా చదవమంటున్నారు. ఎచ్చెర్ల వెళ్ళి హాస్టల్లో వుండాలి. "నేను వెళితే మంగళవారం, శుక్రవారం అబ్బాను పలాస ఎవరు తీసుకెళతారు?" అని రాసింది. తమ్ముడు చిన్నవాడు. అమ్మీ ఒక్కతే ఆయన్ని ఆటో ఎక్కించలేదు. డయాలిసిస్ అయ్యాక మనిషి తూలిపోతాడు, పట్టుకునేవారు వుండాలి.

స్కాలర్‌షిప్పు గురించి మేము కనుక్కున్నాం. పుస్తకాలు ఇస్తామని ఇద్దరు సభ్యులు అన్నారు. డబ్బుతో తీరేది ఇక్కడ చిన్న భాగం. వారానికి రెండు రోజులు, రోజుకు ఆరేడు గంటలు, ఒక మనిషి కావాలి. అందుకని ఇప్పుడు ఒక కాగితం మీ మధ్యకు వస్తోంది. రెండేళ్ళకు సరిపడా వారాలు గీసి వున్నాయి, ఎవరికి వీలైన వారంలో వారు పేరు, ఫోన్ నంబరు రాయాలి. స్కూటరు చాలదు, వెనక కూర్చోలేడు. ఆటో వున్నవాళ్ళు, కారు వున్నవాళ్ళు ముందు చూడండి. మంగళవారాల్లో మొదటి నెల మేము నలుగురం రాసుకున్నాం. శుక్రవారం గడులన్నీ ఖాళీ. ఆయన వంతు సరిగ్గా జుమా వేళకు పడుతుంది. ఈ విషయం ఇమామ్ సాహెబు గారిని ముందే అడిగాం. రోగిని కనిపెట్టుకుని వుండక తప్పనివాడు జుమాకు బదులు జొహర్ చదువుకోవచ్చునని చెప్పి, కాగితం తీసుకుని రెండో వారంలో తమ పేరు రాశారు. మిగతావి మీ కోసం వున్నాయి. కాగితం ఇటు చివరకు వచ్చేసరికి మగ్రిబ్ అజాన్ అవుతుంది, కాబట్టి త్వరగా అందించండి. పెన్ను కాగితానికి దారంతో కట్టి వుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.